ఇటుక ముఖం వెనక 15వ శతాబ్దపు కొయ్య ఇల్లు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నని ముందు రెండు ముక్కల్లో చెప్తాను. ఇంగ్లండ్‌లోని కెంట్ కౌంటీలో మెయిడ్‌స్టోన్ పట్నానికి దక్షిణాన ఒక పల్లెలో మీరు పాత ఫార్మ్‌హౌస్ చూసొచ్చారు. ఏజెంటు దాన్ని 15వ శతాబ్దపు వీల్డెన్ హాల్ హౌస్ అన్నాడు. మీకు కనిపించిందేమో ఎర్ర ఇటుక ముఖం, పైకీ కిందికీ జరిపి తెరిచే పొడవాటి సాష్ కిటికీలు, ఇంటి నడిమధ్యన లావుపాటి పొగగొట్టం. లోపల తలకి తగిలే దూలాలు, పైగదిలో బాగా వాలిపోయిన నేల. దూలాల్లో ఖాళీ గాడులు చూపించి ఇది పాత ఓడల కలప అని కూడా చెప్పాడట. వయసు నిజమేనా, ఇల్లు నిలబడుతుందా, కొంటే ఏం చేయకూడదు అని మీరు అడిగారు.

నేను కెంట్, ససెక్స్ ప్రాంతంలో పాత కొయ్య ఇళ్ల మరమ్మతుల మీద పనిచేసే స్ట్రక్చరల్ ఇంజనీర్ని. చూడని ఇంటికి వయసు కట్టలేను గానీ, ఓడల సంగతి పక్కన పెడితే మీరు రాసినదాంట్లో ఏజెంటు మాటని కొట్టిపారేసే ఆధారం ఒక్కటీ లేదు. ఇటుక ముఖం, మధ్యలో పొగగొట్టం, కిందికి దిగిన కప్పు దూలాలు, వాలిన నేల, ఇవన్నీ ఆ కాలపు ఇంటికి తర్వాతి శతాబ్దాల్లో సాధారణంగా జరిగినవే. ఈ ఇళ్లని అర్థం చేసుకోవడానికి నేను పట్టుకునే కొస ఒక్కటే: మొదట ఆ ఇంటి మధ్యలో పొగగొట్టం లేకుండా ఒక మంట మండింది, తర్వాత ఆ మంట పోయింది. ఈరోజు మీకు వింతగా కనిపించే వాటిలో చాలాభాగం ఆ మంట ఉండడం వల్లో, పోవడం వల్లో వచ్చినవే. అందుకే ఇంటి ముఖం చూసి ఒక అభిప్రాయానికి రాకండి. ముందు అటక ఎక్కండి.

అటకలో ఏం వెతకాలో తెలియాలంటే ఆ ఇల్లు కట్టినప్పుడు ఎలా ఉండేదో తెలియాలి. నార్త్ డౌన్స్, సౌత్ డౌన్స్ అనే రెండు సుద్దకొండల వరసల మధ్య ఉన్న ప్రాంతాన్ని వీల్డ్ అంటారు. బరువైన బంకమట్టి నేలలు, విస్తారంగా ఓక్ చెట్లు. 1348-49 ప్లేగు మహమ్మారి తర్వాత జనం తగ్గి, బతికినవాళ్లకి భూమి దొరికింది. పైగా కెంట్‌లో గావెల్‌కైండ్ అనే ఆచారం ఉండేది. తండ్రి భూమి పెద్దకొడుక్కే పోకుండా కొడుకులందరికీ సమానంగా వచ్చేది, దాన్ని అమ్ముకోవడం, కొనుక్కోవడం కూడా మిగతా ఇంగ్లండ్‌తో పోలిస్తే సులువు. దొరలూ కాకుండా కూలీలూ కాకుండా, సొంత కాళ్ల మీద నిలబడ్డ యోమన్ రైతులు ఇక్కడ ఎక్కువగా తయారయ్యారు. 14వ శతాబ్దం చివరి నుంచి 16వ శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా వాళ్లు కట్టించుకున్న ఇళ్లే ఇవి. కోటలూ చర్చిలూ కాకుండా మామూలు రైతుల ఇళ్లు ఇంత పాతవి ఇంత పెద్ద సంఖ్యలో ఒకేచోట నిలిచి ఉండడం చాలా అరుదు.

ఇంటి ప్లాన్ పొడవుగా, మూడు భాగాలుగా ఉంటుంది. మధ్యలో హాలు. దానికి పై అంతస్తు లేదు. మట్టినేల మీద నిలబడి తలెత్తితే నేరుగా కప్పు వాసాలే కనిపిస్తాయి. నేల మధ్యలో మంట, వంట అక్కడే, చలి కాచుకోవడం అక్కడే. పొగ పైకి లేచి, కప్పు రెండు చివర్ల ఉన్న చిన్న త్రికోణపు సందుల్లోంచి, పెంకుల మధ్య సందుల్లోంచి బయటికి పోయేది. హాలుకి ఒక చివర, ఇంటిని అడ్డంగా కోస్తూ ఎదురెదురు తలుపులతో ఒక నడవ. ఆ నడవకి అవతల రెండు చిన్న గదులు, ఒకటి రొట్టె, ధాన్యం లాంటి వాటికి, రెండోది ఏల్ అనే బీరు పీపాలకి. హాలు రెండో చివర ఇంటి యజమాని బల్ల, గోడని ఆనుకుని బెంచీ. ఆ గోడ వెనక ఒక గది, దానిమీద కుటుంబం పడుకునే పైగది. అటు పీపాల గదుల మీద కూడా ఇంకో పైగది. మధ్యలో హాలు కప్పుదాకా ఖాళీ కాబట్టి ఒక పైగది నుంచి ఇంకో పైగదికి దారి లేదు. కిందికి దిగి, హాలు దాటి, ఇంకో మెట్ల వరస ఎక్కాల్సిందే. మీరు చూసిన ఇంట్లో ఇప్పుడు రెండు మెట్లదారులు ఉన్నా, పై అంతస్తు మధ్యలో ఇబ్బందికరమైన మెట్టో వంగి దాటాల్సిన తలుపో ఉన్నా, దానికి మూలం ఇదే కావచ్చు.

బయటినుంచి వీల్డెన్ ఇంటిని పట్టించేది దాని ముందుభాగం. రెండు చివరల పైగదులు కింద గోడకంటే ముందుకి పొడుచుకొస్తాయి. హాలుకి పైగది లేదు కాబట్టి అది పొడుచుకురాలేదు, లోపలికే ఉండిపోతుంది. కానీ కప్పు మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే తిన్నని చూరుతో సాగుతుంది. దాంతో హాలు ముందు చూరు గాల్లో వేలాడుతుంది. దాన్ని మోయడానికి రెండు పక్కల నుంచి వంపు తిరిగిన ఆసరా కొయ్యలు వస్తాయి. ఈ లోతట్టు మధ్యభాగమూ, వంపు కొయ్యలూ ఒకసారి చూస్తే మళ్లీ ఎక్కడ కనిపించినా గుర్తుపట్టేస్తారు.

ఇవన్నీ కాగితం మీద చదివేకంటే ఒకసారి కళ్లతో చూడడం మేలు. వెస్ట్ ససెక్స్‌లో చిచెస్టర్‌కి ఉత్తరాన సింగిల్టన్ అనే ఊళ్లో వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియం ఉంది. అందులో బేలీఫ్ అనే ఫార్మ్‌హౌస్ ఉంది. కెంట్‌లోని చిడింగ్‌స్టోన్ దగ్గర ఉండేది. బౌ బీచ్ జలాశయం కడుతున్నప్పుడు, 1960ల చివర్లో, కొయ్యకి కొయ్య విప్పి తీసుకొచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. హాలు, పీపాల గదుల భాగం 15వ శతాబ్దం మొదట్లోవి. యజమాని పక్క భాగం 16వ శతాబ్దం మొదట్లో కట్టింది. లోపల 1540 ప్రాంతపు సామానుతో అమర్చారు. అక్కడ హాల్లో మంట వేసిన రోజున వెళ్లగలిగితే చాలా మంచిది. పొగ ఎంత ఎత్తున తేలుతుందో, కింద కూర్చున్నవాళ్లకి ఎందుకు ఊపిరాడుతుందో, వాసాల దగ్గర ఏం జరుగుతుందో నిమిషాల్లో అర్థమవుతుంది.

ఇప్పుడు మీ ఇంటి అటకకి వద్దాం. మంచి టార్చి తీసుకెళ్లండి. నేల అడుగుల బరువు మోస్తుందో లేదో చూసి, దూలాల మీదే నడవండి. హాలు మీదుగా వచ్చే కప్పుభాగంలో వాసాలు నల్లగా ఉన్నాయేమో చూడండి. తరతరాలుగా మంట పొగ పట్టిన వాసం రంగు వేరేగా ఉంటుంది. మసి కొయ్య మీద పొరలా అంటుకుని, చాలాచోట్ల కొద్దిగా మెరుస్తూ, వాసానికి అన్ని ముఖాల మీదా సమానంగా ఉంటుంది. అగ్నిప్రమాదంలో కాలిన కొయ్య అలా ఉండదు. అది చదరాలు చదరాలుగా పగిలి, ఒకచోట లోతుగా, ఇంకోచోట అసలు లేకుండా ఉంటుంది. నల్లటి వాసాల మధ్య ఒకటి రెండు శుభ్రంగా ఉంటే అవి తర్వాత మార్చినవి. హాలు రెండు చివర్ల అటకని అడ్డగిస్తూ తడిక గోడలు ఉంటే, వాటికి హాలువైపు మసి, అవతలివైపు శుభ్రం ఉందేమో చూడండి. అలా ఉంటే మధ్యది పొగగొట్టం లేని హాలు అనడానికి అంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు. డెవన్ కౌంటీలో ఇంకో అడుగు ముందుకెళ్లి, గడ్డి కప్పుల అడుగుపొరలో మధ్యయుగపు గడ్డే మసిపట్టి మిగిలిపోయిన ఇళ్లున్నాయి. ఆ గడ్డిలో అప్పటి గోధుమ రకాల వెన్నులు కూడా దొరుకుతాయి.

అదే అటకలో క్రౌన్ పోస్ట్ కోసం చూడండి. హాలు మధ్యలో అడ్డుగా స్తంభం ఉండకూడదు కాబట్టి, ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక పెద్ద అడ్డదూలం వేసి, దానికి కింద రెండువైపులా విల్లులా వంగిన ఆసరాలు ఇచ్చారు. ఆ దూలం నడుమ ఒక పొట్టి స్తంభం నిలబడుతుంది. అదే క్రౌన్ పోస్ట్. దాని తల మీద ఇంటి పొడవునా ఒక సన్నటి దూలం సాగుతుంది. ప్రతి వాసాల జతనీ కలిపే అడ్డకొయ్యలు ఆ దూలం మీద కూర్చుంటాయి. స్తంభం తల నుంచి నాలుగు దిక్కులకీ చిన్న వంపు ఆసరాలు విచ్చుకుంటాయి. మన పూరిళ్లూ పెంకుటిళ్లూ తెలిసినవాళ్లు మొదట వెన్నుదూలం కోసం వెతుకుతారు. ఈ కప్పుకి అది ఉండదు. వాసాలు శిఖరం దగ్గర జతలుజతలుగా ఒకదానికొకటి బిగించి ఉంటాయంతే. హాలులోని క్రౌన్ పోస్ట్ అందరూ తలెత్తి చూసేది కాబట్టి దానికి అడుగునా తలదగ్గరా చెక్కిన అంచులు ఉంటాయి. అటకలో ఎవరూ చూడని చీకట్లో అంత అందంగా చెక్కిన స్తంభం ఉందంటే, అది ఒకప్పుడు అటక కాదన్నమాట.

కొయ్య అతుకుల గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఈ ఇళ్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి అవే. పైగది మూలలో ప్రధాన స్తంభం చూడండి. కింద సన్నగా వచ్చి, తలదగ్గర లావుగా విచ్చుకుంటుంది. చెట్టుని తలకిందులుగా నిలబెట్టారు, లావుగా ఉండే వేరు వైపు పైకి వచ్చింది. ఎందుకంటే ఆ ఒక్కచోట మూడు కొయ్యలు కలవాలి: స్తంభం, గోడ పొడవునా పైన సాగే దూలం, ఇంటిని అడ్డంగా కట్టే దూలం. స్తంభం తలలో ముందు సగం మీద ఒక నాలుక చెక్కి గోడదూలంలో దూరుస్తారు. వెనక సగం ఇంకొంచెం ఎత్తుగా వదిలి, దానిమీద ఇంకో నాలుక చెక్కి అడ్డదూలంలో దూరుస్తారు. అడ్డదూలం అడుగున పావురం తోక ఆకారంలో చెక్కి గోడదూలం మీద కూర్చోబెడతారు. కప్పు బరువుకి గోడ బయటికి తోసుకుపోవాలని చూస్తే ఆ తోక దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఇనుము అవసరం లేకుండా ఇదంతా ఓక్ చీలలతోనే బిగుస్తుంది. చీల కోసం వేసే బెజ్జాలు కూడా రెండు కొయ్యల్లో సరిగ్గా ఒకదాని ఎదురుగా ఒకటి వేయరు. వెంట్రుకవాసి పక్కకి జరిపి వేస్తారు, చీల దిగుతుంటే అతుకు తనంతట తాను బిగుసుకునేలా. 500 ఏళ్ల కిందటి వడ్రంగి గొడ్డలి, బాడిస, ఉలి, బర్మాతో ఇంత లెక్కగా పని చేశాడు.

ఆ వడ్రంగులు ఇంటిని ముందు తమ దొడ్లో నేలమీద పరిచి అతుకులు సరిచూసుకుని, విప్పి, బండి మీద తెచ్చి నిలబెట్టేవాళ్లు. ఏ ముక్క దేనికి జతో గుర్తుండడానికి అతుకుల దగ్గర రోమన్ అంకెల్లాంటి గీతలు గీసేవాళ్లు. వాసాల జతల మీద, గోడ స్తంభాల అడుగున అవి ఇప్పటికీ కనిపిస్తాయి. వరసగా నడిచే అంకెలు ఒక్కసారిగా తెగిపోతే అక్కడ ఇల్లు తర్వాత మారిందని అర్థం. కలప కూడా పచ్చిదే వాడేవాళ్లు, ఎండిన ఓక్ ఉలికి లొంగదు. సఫోక్ కౌంటీ స్టాంటన్‌లోని గ్రండల్ హౌస్ అనే ఫార్మ్‌హౌస్‌కి ఎన్ని చెట్లు పట్టాయో అడవుల చరిత్రకారుడు ఆలివర్ రాక్‌హామ్ లెక్కకట్టారు: సుమారు 330. వాటిలో చాలాభాగం సన్నటి చెట్లే. అంటే మహావృక్షాలు నరికి కాదు, ఇంటి అవసరానికి తగ్గ మందంలో పెంచిన అడవుల నుంచి తెచ్చారు.

ఖాళీ గాడులకి ఓడల కథ చెప్పిన ఏజెంటు మీద కోపం వద్దు, ఇక్కడ ప్రతి ఊళ్లోనూ చెప్తారు. ఓడరేవుకి దూరంగా, ఓక్ అడవి మధ్యలో ఉన్న రైతుకి ఓడ విప్పిన కలప బండ్లకెత్తించి తెచ్చుకోవాల్సిన పని లేదు. ఓడకొయ్య వంపులు ఇంటికి పనికిరావు కూడా. ఆ గాడులు అసలు మీ ఇంటి గురించే మాట్లాడుతున్నాయి. దూలం అడుగుభాగం పరిశీలించండి. వరసగా గుండ్రటి బెజ్జాలుంటే అక్కడ తడిక గోడ ఉండేది. ఓక్ కర్రలు నిలువుగా ఆ బెజ్జాల్లో గుచ్చి, వాటి మధ్య హేజెల్ అనే చెట్టు బద్దలు అల్లి, పైన మట్టి, గడ్డి, ఆవుపేడ కలిపి మెత్తేవాళ్లు. మన పల్లెల్లో తడిక గోడ చూసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. డైమండ్ ఆకారంలో, మూల ముందుకి తిరిగిన చదరపు గాడులు వరసగా ఉంటే అక్కడ గాజు లేని కిటికీ ఉండేది. ఆ గాడుల్లో నిలువు కమ్మీలు నిలబడేవి. పక్కనే పొడవాటి గీత లాంటి గాడి ఉంటే అది చెక్క తలుపు జరిపే దారి. పొడవాటి గాడి, దాని పక్కన చీల బెజ్జం ఉంటే అక్కడ ఒక స్తంభమో ఆసరానో ఉండేది. వీటిని ఒక్కొక్కటిగా కాగితం మీద గుర్తించుకుంటూ పోతే, ఎక్కడ గోడ ఉండేదో, ఎక్కడ కిటికీ ఉండేదో, పాత ఇంటి బొమ్మ మీ చేతికొచ్చేస్తుంది. ఇంకో ఇంటి నుంచి తెచ్చి వాడిన కొయ్యలు ఉండొచ్చు, అది మామూలే. ఓడ మాత్రం దాదాపు ఎప్పుడూ కాదు.

ఇక పొగగొట్టం. 16వ శతాబ్దంలో ఇటుక అందుబాటులోకి వచ్చింది, రైతుల చేతిలో డబ్బు ఆడింది, వేరు గదుల మీద కోరిక పెరిగింది. ఎసెక్స్‌లోని రాడ్‌వింటర్ ఊరి చర్చి పెద్ద విలియం హారిసన్ 1577లో రాసిన మాటలు ఈ మార్పుకి ప్రత్యక్ష సాక్ష్యం. తమ కాలంలో అద్భుతంగా మారినవి మూడు అని ఊరి ముసలివాళ్లు ఆయనతో చెప్పారట: కొత్తగా లేచిన లెక్కలేనన్ని పొగగొట్టాలు, పడుకునే పక్కలు బాగుపడడం, చెక్క పళ్లేల బదులు ప్యూటర్ అనే తగరపు మిశ్రమలోహం పళ్లేలు రావడం. వాళ్ల చిన్నతనంలో చాలా పల్లెల్లో రెండు మూడు పొగగొట్టాలకి మించి ఉండేవి కావట. పొగ ఇంటి కొయ్యని గట్టిపరుస్తుందనీ, ఇంటివాళ్ల ఆరోగ్యానికి మంచిదనీ అప్పట్లో నమ్మేవాళ్లని కూడా ఆయన రాశాడు. చరిత్రకారుడు డబ్ల్యూ. జి. హాస్కిన్స్ 1953లో 1570 నుంచి 1640 దాకా ఇంగ్లండ్ పల్లెలు మొత్తంగా ఇళ్లు తిరగకట్టుకున్నాయని వాదించారు. ప్రాంతాన్నిబట్టి ఆ కాలం ముందుకీ వెనక్కీ జరుగుతుందని తర్వాతి పరిశోధకులు సరిదిద్దారు. కెంట్‌లో మార్పు ముందే మొదలైంది.

మీ ఇంటి నడిమధ్యన ఉన్న ఇటుక పొగగొట్టం అలా వచ్చిందే అయ్యుండాలి. సాధారణంగా దాన్ని పాత అడ్డనడవలోనో, హాలులో ఒక చివరో లేపేవాళ్లు. పొగ గొట్టంలోకి పోయింది కాబట్టి హాలు పైన ఖాళీగా ఉంచాల్సిన పని లేకపోయింది. హాలు ఎత్తుకి మధ్యలో కొత్త దూలాలు వేసి పై అంతస్తు దించారు. మీ తలకి తగులుతున్నవి అవే! అప్పటి మనుషులు పొట్టివాళ్లని అందరూ అంటారు, అసలు కారణం అది కాదు. మొదటి హాలు కప్పుదాకా ఉండేది, దాన్ని తర్వాత రెండుగా విడగొట్టారు. ఈ తర్వాతి దూలాలని గుర్తుపట్టడం తేలిక: అంచులు ఏటవాలుగా చెక్కి, కొసల్లో చిన్న అలంకారంతో ఆపి ఉంటాయి. పొగ మరక ఉండదు. పై అంతస్తులో ఈ గది నుంచి ఆ గదికి దారి కోసం పాత అడ్డదూలాన్ని ఎవరైనా కోసేశారేమో తప్పకుండా చూడండి. నేను చూసిన ఇళ్లలో నిజంగా భయపడాల్సిన లోపం ఎక్కువసార్లు ఇదే. ఆ దూలం గోడల్ని కట్టి ఉంచే తాడు, అది తెగితే కప్పు గోడల్ని నెమ్మదిగా బయటికి తోస్తుంది.

ఇటుక ముఖం 18వ శతాబ్దపు మోజు. ఊళ్లో గొప్పగా కనిపించాలని పొడుచుకొచ్చిన పైగదుల కింద ఇటుక గోడ లేపి, లోతట్టుగా ఉన్న హాలు ముందుభాగాన్ని కూడా అదే వరసకి తెచ్చి, సాష్ కిటికీలు పెట్టేవాళ్లు. ఇంకొందరు గోడకి పెంకులు వేలాడదీసేవాళ్లు. కెంట్, ససెక్స్ ప్రాంతాల్లో అచ్చం ఇటుకలా కనిపించే ప్రత్యేకమైన పెంకులు కూడా వాడారు. చూసి మోసపోతాం, తట్టి చూస్తే తెలుస్తుంది. మీ ఇంట్లో కింది గదిలో ముందుగోడ నుంచి ఒక అడుగున్నర, రెండడుగులు లోపలికి, గోడకి సమాంతరంగా ఒక దూలం సాగి, దాని అడుగున ఖాళీ గాడులు ఉన్నాయా? ఉంటే అదే అసలు ముందుగోడ వరస. ఇటుక గోడ దానికి బయట తొడిగింది. పక్క గోడలూ వెనకవైపూ ఒకసారి తిరిగి చూడండి, అక్కడ ఖర్చుపెట్టి ముఖం మార్చే అవసరం ఎవరికీ లేకపోయేది.

ఇంత చూశాక కూడా ఏ సంవత్సరం కట్టారో కావాలంటే దూలంలోంచి పెన్సిల్ మందం నమూనా తీసి చెట్టు వలయాలు లెక్కించాలి. నమూనాలో తగినన్ని వలయాలుండాలి. బెరడు అంచు మిగిలితే చెట్టు నరికిన సంవత్సరం, ఒక్కోసారి రుతువు కూడా తెలుస్తుంది. పచ్చి కలపతోనే కట్టేవాళ్లు కాబట్టి ఇల్లు కట్టిన కాలమూ దాదాపు అదే. చేవ బయట తెల్లకలప చెక్కేసి ఉంటే మాత్రం కొన్ని పదుల ఏళ్ల విస్తీర్ణంలోనే చెప్పగలరు. లిస్టెడ్ ఇంటికి, అంటే చట్టం రక్షించే చారిత్రక కట్టడాల జాబితాలో ఉన్న ఇంటికి, నమూనా తీయడానికి ముందు కౌన్సిల్ కన్జర్వేషన్ ఆఫీసర్‌ని సంప్రదించాలి.

నేల వాలడం గురించి. పచ్చి ఓక్ ఎండేటప్పుడు అడ్డంగా కుంచించుకుపోతుంది, మెలితిరుగుతుంది. చాలా వంపులు ఇల్లు కట్టిన మొదటి కొన్ని దశాబ్దాల్లోనే వచ్చేసి అక్కడే ఆగిపోయాయి. కొయ్య చట్రం చీలల దగ్గర కొద్దిగా కదిలి సర్దుకుంటుంది, ఇటుక గోడలా పగలదు. అందుకే వాలు ఎంతుందని కాదు, ఇప్పటికీ కదులుతోందా అని చూడాలి. అతుకు విడిపోయిన చోట లోపలి కొయ్య రంగు తాజాగా ఉందా, చీలలు విరిగాయా, కొత్త ప్లాస్టర్‌లో మళ్లీ పగుళ్లు వచ్చాయా, అడుగుదూలం మెత్తబడిందా? సన్నటి స్క్రూడ్రైవర్ గుచ్చితే తేలిగ్గా దిగిపోతే అక్కడ పుచ్చిందన్నమాట. అడుగుదూలం పుచ్చడానికి ఎక్కువసార్లు కారణం బయటి నేల ఎత్తు పెరగడం. శతాబ్దాలుగా తోటమట్టి, దారి రాళ్లు, ఇప్పటి టార్మాక్ కలిసి దూలాన్ని పూడ్చేస్తాయి. నేల తవ్వి దించడం, గట్టర్లు సరిచేయడం, పుచ్చిన ముక్క వరకే కోసి కొత్త ఓక్ అతకడం, అంతే మరమ్మతు. డెత్‌వాచ్ బీటిల్ పేరు చెప్పి ఇల్లంతా రసాయనం కొట్టమనేవాళ్లు వస్తారు. ఆ పురుగు తడిసి, బూజుపట్టి మెత్తబడిన ఓక్‌నే తింటుంది. తడి ఆపకుండా మందు కొట్టి లాభం లేదు.

కొంటే ఏం చేయకూడదంటే, సిమెంటు వాడకండి. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. మట్టి, సున్నం, వెంట్రుకలు కలిపిన పాత గోడ తేమని పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు ప్లాస్టరో, ప్లాస్టిక్ పెయింటో వేస్తే సన్నటి పగుళ్లలోంచి లోపలికి పోయిన నీళ్లకి బయటికి దారి ఉండదు. ఆ నీళ్లు కొయ్యలోకి దిగుతాయి. 400 ఏళ్లు నిలిచిన దూలం ఆ తొడుగు కింద కొన్ని దశాబ్దాల్లోనే పొడైపోతుంది. నేను తవ్వి తీసిన పుచ్చు దూలాల్లో చాలావాటి మీద సిమెంటు తొడుగే ఉండేది. సున్నపు ప్లాస్టర్, సున్నం వెల్ల వాడండి. గోడకి గుచ్చే తేమ మీటర్ పెట్టి ‘తడి పైకి ఎక్కుతోంది, గోడకి బెజ్జాలు వేసి రసాయనం ఎక్కించాలి’ అని చెప్పేవాళ్లకి వెంటనే తల ఊపకండి. ఆ మీటర్ కలపకి తయారైంది, పాత గోడల్లోని ఉప్పుకి కూడా అది అంకె ఎక్కువ చూపిస్తుంది. బయటి ఓక్‌కి నల్లరంగు కూడా వేయకండి. ఇక్కడ ఓక్ వెండిరంగుకి తిరిగి ఉండడమే పాత రూపం, నలుపు తెలుపు చారలు ఎక్కువగా 19వ శతాబ్దపు ఇష్టం.

చట్టం సంగతి. ఇల్లు లిస్టెడ్ అయితే, ఆ వయసుకి తప్పక అయ్యుంటుంది, 1990 చట్టం ప్రకారం దాని స్వభావం మార్చే ఏ పనికైనా కౌన్సిల్ నుంచి లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ కావాలి. లోపలి గదులకి కూడా ఇది వర్తిస్తుంది. అనుమతి లేకుండా చేస్తే నేరం, జైలు శిక్ష కూడా ఉంది. ఇంకో ముఖ్యమైన సంగతి: పాత యజమాని అనుమతి లేకుండా చేసిన పనికి సరిదిద్దమని నోటీసు ఇప్పటి యజమానికి రావచ్చు, దానికి కాలపరిమితి లేదు. మీ సాలిసిటర్‌ని కౌన్సిల్ ఫైళ్లు తెప్పించి, ఇంట్లో కనిపించే ప్రతి కొత్త పనికీ కన్సెంట్ ఉందో లేదో సరిచూడమనండి. ఆ జాబితా చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ దగ్గర మీ ఇంటి వివరణ ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. పాత వివరణలు చాలాసార్లు బయటినుంచి చూసి రెండు మూడు వాక్యాల్లో రాసినవి, అందులో లేనంత మాత్రాన లోపల హాలు లేదనుకోకండి. మామూలు హోమ్‌బయ్యర్ సర్వే చాలదు. పాత కొయ్య కట్టడాల్లో పనిచేసిన సర్వేయర్‌నే పెట్టుకోండి. 1877 నుంచి పనిచేస్తున్న ఎస్‌పీఏబీ (సొసైటీ ఫర్ ద ప్రొటెక్షన్ ఆఫ్ ఏన్షియంట్ బిల్డింగ్స్) అనే సంస్థ ఇలాంటి ఇళ్ల యజమానులకి సలహాలిస్తుంది, ఇంటి యజమానుల కోసం కోర్సులు కూడా నడుపుతుంది. విలియం మోరిస్ తదితరులు మొదలుపెట్టిన సంస్థ అది.

మ్యూజియంకి వెళ్లే వీలు కుదరకపోతే ఈస్ట్ ససెక్స్‌లోని ఆల్‌ఫ్రిస్టన్ క్లర్జీ హౌస్ చూడండి. అది కూడా వీల్డెన్ ఇల్లే, గడ్డి కప్పు. చారిత్రక స్థలాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ కొన్న మొట్టమొదటి కట్టడం, 1896లో 10 పౌండ్లకి కొన్నారు. హాలు నేల సుద్ద పొడి దిమ్మిస చేసి, పులిసిన పాలు పోసి గట్టిపరిచింది.

రెండోసారి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మూడు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి: హాలు మీది అటక వాసాలు ఫ్లాష్‌తో, పైగది మూలలో స్తంభం తల, ముందుగోడ వెనక దూలం అడుగుభాగం. వాటితో పాటు పొగగొట్టం ఇంట్లో ఏ గదుల మధ్య ఉందో చేత్తో గీసిన ప్లాన్ ఒకటి పెడితే, హాలు ఎటు, పీపాల గదులు ఎటు అన్నది చాలావరకు చెప్పగలను.